కట్ట కింద ఎవరున్నారు?

క్రీ.శ. 1369లో పోరుమామిళ్ల చెరువు కట్టించిన విజయనగర రాకుమారుడు భాస్కర భవదూరుడు తన దానం సంగతి ఒక్కటే రాతి మీద చెక్కించి ఊరుకోలేదు. చెరువు నిలవాలంటే ఏమేం ఉండాలో పన్నెండు అంగాలుగా, ఏమేం ఉండకూడదో ఆరు దోషాలుగా అదే శాసనంలో చెప్పించాడు. కట్టలోంచి నీరు ఊరడం ఒక దోషం. చవిటి నేల మరొకటి. రెండు రాజ్యాల పొలిమేర మీద ఉండడం ఇంకొకటి. చెరువు నడుమ మెట్ట లేవడం, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, ఆయకట్టు తక్కువై నీళ్లు ఎక్కువ కావడం మిగతా మూడు. ఆరున్నర శతాబ్దాల కిందట మన నేల మీద రాసిన ప్రమాదాల జాబితా ఇది. ఇంజనీరింగు చదివినవాళ్లు మొదటి దోషం దగ్గర ఆగుతారు. హోసూరు, కృష్ణగిరి వాళ్లం మాత్రం పొలిమేర దోషం దగ్గర ఆగక తప్పదు.

మా నీళ్లన్నీ పొలిమేర దాటి వచ్చేవే. నంది కొండల దగ్గర పుట్టిన దక్షిణ పినాకిని కర్ణాటకలో నడిచి హోసూరు దగ్గర తమిళనాట అడుగు పెడుతుంది. కెలవరపల్లి జలాశయం నింపి, కృష్ణగిరి జలాశయం నింపి, సాత్తనూరు మీదుగా కడలూరులో సముద్రం చేరుతుంది. కోలారు వైపు నుంచి మార్కండేయ నది వేపనపల్లి మీదుగా వచ్చి దానిలో కలుస్తుంది. పక్కనే పాలారు కోలారు నేల మీద నడిచి బేతమంగళ చెరువు నింపి, కుప్పం సీమ దాటి వాణియంబాడి, వేలూరు వైపు పోతుంది. మూడు రాష్ట్రాలు, మూడు భాషలు. ఎగువన ఎవరు ఏం కట్టినా దాని ఫలం, కర్మం రెండూ దిగువకే దిగివస్తాయి.

నీళ్ల కట్టల గురించి మనకు ఎంతో కొంత తెలుసు. ఇక్కడ చెప్పదలచింది మరో రకం కట్ట గురించి. గనిలో తవ్విన రాతిని పిండి చేసి, అందులోని లోహం లాగేసుకున్నాక మిగిలిన మెత్తని మడ్డిని నీళ్లతో కలిపి పారించి నిలవ చేసే కట్ట. గనుల వాళ్లు టెయిలింగ్స్ డ్యామ్ అంటారు. వీటిని ఎక్కువగా కట్టింది ప్రైవేటు కంపెనీలు. అది కూలితే ఏం జరుగుతుందన్న లెక్క, అంటే ప్రమాద వర్గీకరణ, ప్రపంచంలో ఎలా పుట్టిందో, మన దగ్గర ఎందుకు పుట్టలేదో చూడాలంటే మనం దూరం పోనక్కరలేదు. హోసూరు నుంచి గాని కృష్ణగిరి నుంచి గాని పటం మీద నేరుగా గీత గీస్తే సుమారు యాభై కిలోమీటర్లలో కోలారు బంగారు గనులున్నాయి.

అక్కడికి వెళ్లినవాళ్లకు మొదట కనిపించేవి గని యంత్రాలు కావు, బూడిద, లేత పసుపు రంగుల్లో చదునుగా కోసిన కొండలు. చుట్టుపక్కల జనం వాటిని సైనైడ్ దిబ్బలంటారు. అవి కొండలు కావు. నూటికి పైగా ఏళ్ల పాటు భూమి అడుగు నుంచి పైకి తెచ్చి పొడి చేసి పోసిన రాయి. లెక్కకు పదమూడు దిబ్బలు, సుమారు 3 కోట్ల 30 లక్షల టన్నులు, 1,003 ఎకరాలు.

వాటి పుట్టుక లండన్‌లో ఉంది. 1870ల్లో లావెల్ అనే మాజీ సైనికుడు మైసూరు సంస్థానం నుంచి తవ్వకానికి అనుమతి తెచ్చుకున్నాడు. 1880 నుంచి లండన్‌లోని జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ రంగంలోకి దిగింది. మైసూరు, ఊరిగాం, నందిదుర్గ, ఛాంపియన్ రీఫ్ అనే కంపెనీలు వాటాదారుల డబ్బుతో లేచాయి. 1887లో స్కాట్లండ్‌లో మెకార్థర్, ఫారెస్ట్ సోదరులు సైనైడ్‌తో బంగారం కరిగించి తీసే పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. ఆ శతాబ్దం ముగిసేలోగా అది కోలారుకూ వచ్చింది. అంతకుముందు మరల దంచుడుకు దొరకకుండా రాతి పొడిలో మిగిలిపోయిన బంగారం కూడా ఇప్పుడు చేతికి వచ్చింది. 1902లో శివసముద్రం జలపాతం నుంచి కరెంటు తీగలు లాగారు. సొరంగాలు లోతు పెరుగుతూ చివరికి ఛాంపియన్ రీఫ్‌లో మూడు కిలోమీటర్లు దాటాయి. ఒక దశలో ముప్పై వేల మందికి పైగా అక్కడ పని చేశారు. ఉత్తర ఆర్కాడు, సేలం, చిత్తూరు సీమల పేద కుటుంబాలు పొట్ట చేత పట్టుకుని పోయి అక్కడే స్థిరపడ్డాయి. మన కృష్ణగిరి అప్పుడు సేలం జిల్లాలో భాగమే. గని మూతపడే నాటికి దాదాపు 800 టన్నుల బంగారం ఆ నేల నుంచి వెళ్లిపోయింది.

ఆ 800 టన్నులకు లెక్క ఉంది. ఏ కంపెనీకి ఎంత డివిడెండు పోయిందో రాసిన పుస్తకాలున్నాయి. 3 కోట్ల 30 లక్షల టన్నుల మడ్డి ఎవరి బాధ్యత అన్న ప్రశ్నకు మాత్రం యజమాని మారినప్పుడల్లా జవాబు పలచబడుతూ వచ్చింది. 1956లో మైసూరు ప్రభుత్వం గనులను జాతీయం చేసింది. 1962లో కేంద్రం తీసుకుంది. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ అయింది. టన్ను రాతికి వచ్చే బంగారం మూడు గ్రాములకు అటూ ఇటూ పడిపోయి, ఖర్చు రాబడిని మింగేసి, 2001 ఫిబ్రవరి 28న గని మూతపడింది. దిబ్బలు అక్కడే ఉన్నాయి. ఎండాకాలం గాలికి ఆ సన్నపొడి లేచి ఇళ్లలోకి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వానకు గాళ్లు కోసుకుని కాలువలోకి, చెరువులోకి దిగుతుంది. రాతి పొడి పీల్చి వచ్చే సిలికోసిస్ అక్కడి కార్మికులకు బ్రిటిష్ కాలం నుంచీ తెలిసిన జబ్బే.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. కోలారు దిబ్బలు ఇప్పుడు చాలావరకు ఎండిపోయిన మట్టి గుట్టలు. బురద చెరువును నెత్తిన మోస్తున్న కట్టలు కావు. అందుచేత ఒక్కసారిగా విరుచుకుపడే భయం వాటి విషయంలో తక్కువ, నెమ్మదిగా కోసుకుపోయే కష్టం ఎక్కువ. అయినా ఈ రెండింటిలో ఏది ఎంత అన్నది ఎవరైనా లెక్కగట్టి, చుట్టూ ఉన్న ఊళ్లకు చెప్పాలి కదా. ప్రమాద వర్గీకరణ అంటే అదే.

ఈ లెక్క ఎందుకు కావాలో తెలియాలంటే మడ్డి కట్ట ఎలా లేస్తుందో చూడాలి. నీళ్ల డ్యాము ఒకేసారి కడతారు. రాయి, సిమెంటు, మట్టి అన్నీ కొలిచి పూర్తి చేశాకే నీళ్లు నింపుతారు. మడ్డి కట్ట అలా కాదు. గని నడిచినన్నాళ్లూ అది పెరుగుతూనే ఉంటుంది. ముందు ఒక చిన్న కట్ట వేసి దాని వెనుక మడ్డి పోస్తారు. నిండాక మరో మెట్టు లేపుతారు. ఆ కొత్త మెట్టును బయటి వైపు గట్టి నేల మీద వేస్తే ఖర్చు ఎక్కువ. లోపలి వైపు, నిన్న పోసిన మడ్డి ఆరిన చోట వేస్తే ఖర్చు చాలా తక్కువ. ఈ రెండో దాన్ని అప్‌స్ట్రీమ్ పద్ధతి అంటారు. అంటే పై మెట్టుకు పునాది కింది మడ్డే. ఆ మడ్డిలో నీరు తగ్గినంతకాలం అది రాయిలా నిలుస్తుంది. వాన ఎక్కువై, లోపలి నీటిని బయటికి తీసే కాలువలు పూడుకుపోయి, లోపల ఊట మట్టం పైకి లేచిందంటే రేణువుల మధ్య పట్టు సడలుతుంది. అప్పుడు గట్టిగా కనిపించే గుట్ట క్షణాల్లో ద్రవంగా మారి పారుతుంది. దానికి భూకంపం కూడా అక్కరలేదు. పైగా అది నీరు కాదు, నీటికి రెట్టింపు బరువున్న బురద. దారిలో ఏది ఉంటే దాన్ని వెంట లాక్కుపోతుంది.

1965 మార్చి 28న చిలీలో భూకంపానికి ఎల్ కోబ్రే రాగి గని కట్టలు కూలి, కింద ఉన్న కార్మికుల ఊరు కనబడకుండా పోయింది. రెండు వందల మందికి పైగా చనిపోయారు. ఐదేళ్లకు చిలీ అప్‌స్ట్రీమ్ పద్ధతినే నిషేధించింది. ఆ పాఠాన్ని మిగతా ప్రపంచం చదవడానికి మరో యాభై ఏళ్లు పట్టింది.

1972 ఫిబ్రవరి 26న అమెరికాలో వెస్ట్ వర్జీనియాలోని బఫెలో క్రీక్ లోయలో ఒక బొగ్గు కంపెనీ మడ్డి కట్ట తెగి 125 మంది చనిపోయారు. అది దైవికంగా జరిగిన పని అని కంపెనీ పక్షం వారన్నారు. ఆ లోయ జనం ఒప్పుకోలేదు. కోర్టుకు వెళ్లారు. అదే ఏడాది ఆగస్టులో అమెరికా కాంగ్రెసు దేశంలోని డ్యాములన్నింటినీ తనిఖీ చేసే చట్టం తెచ్చింది. కట్టలను తక్కువ, గణనీయం, ఎక్కువ అనే మూడు తరగతులుగా విడదీసే అలవాటు ఆ తనిఖీలతోనే ఊపందుకుంది. ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. కట్ట ఎంత గట్టిగా ఉందన్నది ఈ తరగతి చెప్పదు. అది కూలితే కింద ఎవరున్నారు, ఏమున్నది అన్నదే చెబుతుంది. నిన్న కట్టిన బ్రహ్మాండమైన కట్ట కూడా, కింద ఊరుంటే, ఎక్కువ తరగతిలోనే ఉంటుంది. పాడుపడిన కట్ట అయినా, కింద ఎవరూ లేకపోతే తక్కువ తరగతిలో ఉండవచ్చు. ఈ తేడా తెలియక పత్రికల్లోనూ, ప్రభుత్వ ఫైళ్లలోనూ రోజూ పొరపాటు జరుగుతూ ఉంటుంది. మా కట్ట మంచిదే, తరగతి ఎందుకు పెంచాలి అని యజమాని అడుగుతాడు. కట్ట మంచిదో కాదో అక్కడ ప్రశ్నే కాదు.

ఆ తేడాకు అత్యంత ఘోరమైన ఉదాహరణ బ్రెజిల్‌లో దొరికింది. బ్రుమాడిన్యో ఊరి దగ్గర వాలే కంపెనీ ఇనుప గని మడ్డి కట్ట 86 మీటర్ల ఎత్తు. 2016 నుంచి దానిలో కొత్తగా ఏమీ పోయడం లేదు. కాగితాల మీద అది కూలే అవకాశం తక్కువ, కూలితే నష్టం ఎక్కువ. ఒక జర్మన్ సంస్థ నిలకడ బాగుందని ధ్రువపత్రం ఇచ్చింది. సరిగ్గా ఆ కట్ట దిగువనే గని ఆఫీసు, కార్మికుల భోజనశాల ఉన్నాయి. 2019 జనవరి 25న మధ్యాహ్నం, జనం భోజనాల దగ్గర ఉండగా కట్ట ద్రవమైంది. 270 మంది చనిపోయారు. నష్టం ఎక్కువ అని రాసిన కాగితం ఉంది. ఆ మాట చదివి భోజనశాలను పక్కకు జరిపినవారు మాత్రం లేరు. వర్గీకరణ అన్నది ఫైలులో పెట్టుకోవడానికి రాసే మాట అయిపోతే ఇదే జరుగుతుంది.

అంతకు మూడేళ్ల ముందు, 2015 నవంబరు 5న, అదే రాష్ట్రంలో ఫుండావ్ కట్ట కూలి 19 మంది పోయారు. ఆ బురద రియో డోసె నది వెంట వందల కిలోమీటర్లు నడిచి అట్లాంటిక్ సముద్రాన్ని ఎర్రగా మార్చింది. 2014 ఆగస్టు 4న కెనడాలో మౌంట్ పోలీ కట్ట పునాది కింది బంకమట్టి పొర జారి తెగింది. అక్కడ ఎవరూ చనిపోలేదు. అది ఒక ప్రైవేటు కంపెనీ కట్ట, దాని ప్రమాద తరగతి "గణనీయం". అంటే మధ్యస్థం. ఇటలీలో స్టావా లోయలో 1985 జులై 19న రెండు కట్టలు ఒకదాని మీద ఒకటి కూలి 268 మందిని పొట్టన పెట్టుకున్నాయి. ఆ గని మోంటెకాటినీ కంపెనీ చేతిలో మొదలై చేతులు మారుతూ ప్రెయాల్పి మినెరారియా అనే చిన్న సంస్థకు చేరింది. ప్రతి కొత్త యజమానీ పాత యజమాని కట్టించినదాన్ని చూసి సరే అనుకున్నాడు. కోలారు కథలో లాగే అక్కడా యజమానులు మారారు, మడ్డి మారలేదు.

మనకు మరీ దగ్గరగా తగిలేది దక్షిణాఫ్రికాలోని మెరియెస్‌ప్రూట్. అది కూడా బంగారు గని మడ్డే. ఇళ్ల కాలనీకి కూతవేటు దూరంలో కట్ట. 1994 ఫిబ్రవరి 22 సాయంత్రం కొద్దిసేపు గట్టి వాన పడింది. కట్ట అంచుకూ, లోపలి నీటికీ మధ్య ఉండవలసిన ఖాళీ అప్పటికే లేదు. అంచు దాటి పొర్లిన నీరు కట్టను కోసింది. 17 మంది పోయారు. మన చెరువుల్లో ఎక్కువైన నీరు పోవడానికి మొరవ ఎందుకు పెట్టారో పల్లెటూరి పిల్లవాడికి కూడా తెలుసు. మొరవ పూడ్చి ఇల్లు కట్టినవాణ్ని ఊరు తిడుతుంది. ఆ చూపు గని కట్ట దగ్గర లేకపోయింది.

ఈ చావులన్నీ కలిసి 2020 ఆగస్టు 5న ఒక ప్రపంచ ప్రమాణం రాయించాయి. గనుల కంపెనీల అంతర్జాతీయ మండలి, ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం, పెట్టుబడిదారుల సంఘం కలిసి దాన్ని వెలువరించాయి. అందులో ఐదు తరగతులు. కట్ట దిగువన ప్రమాదంలో పడేవాళ్లు ఎవరూ లేకపోతే తక్కువ. పదిమంది లోపు ఉంటే గణనీయం. వంద వరకు ఎక్కువ. వెయ్యి వరకు అతి ఎక్కువ. వెయ్యి దాటితే తీవ్రాతితీవ్రం. చెట్టూ చేమా, నీరూ నేలా, ఆస్తిపాస్తుల నష్టాన్నీ లెక్క వేస్తారు. మనుషుల లెక్క ఏ తరగతి చెబితే కట్ట ఆ తరగతి కిందికి దిగడానికి వీల్లేదు. చివరి తరగతి కట్ట పదివేల ఏళ్లకు ఒకసారి వచ్చే వరదను కూడా తట్టుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, గని మూతపడ్డా ఈ బాధ్యత మూతపడదు. ఇది స్వచ్ఛంద ప్రమాణం. ఒప్పుకున్న కంపెనీలకే వర్తిస్తుంది.

మన దేశం సంగతికి వస్తే, 1979 ఆగస్టు 11న గుజరాత్‌లో మచ్చు డ్యాము తెగి మోర్బీ పట్టణంలో వేలమంది కొట్టుకుపోయిన ఏడాదే కేంద్ర జల సంఘంలో డ్యాముల భద్రతా విభాగం వచ్చింది. అక్కడి నుంచి చట్టం రావడానికి నలభై రెండేళ్లు పట్టింది. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు పొంగి అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట వాళ్లు తెల్లవారేసరికి ఇళ్లూ, మనుషులూ లేని స్థితిలో మిగిలారు. పదమూడు రోజులకు, డిసెంబరు 2న, ఆనకట్టల భద్రతా బిల్లు రాజ్యసభ దాటింది. ఆ నెల 30 నుంచి అమల్లోకి వచ్చింది. పదిహేను మీటర్లు దాటిన కట్టలు, కొన్ని షరతులతో పది మీటర్లు దాటినవి దాని కిందికి వస్తాయి. యజమాని ప్రభుత్వమైనా, కంపెనీ అయినా ఒకటే. ప్రతి కట్టకూ ప్రమాద వర్గీకరణ కావాలి, అత్యవసర కార్యాచరణ ప్రణాళిక కావాలి. ఆదేశాలు పాటించకపోతే జైలు ఉంది. మంచి చట్టమే.

కానీ ఆ చట్టంలో ఆనకట్ట అంటే నదికి గాని ఉపనదికి గాని అడ్డంగా, నీటిని నిలపడానికో మళ్లించడానికో కట్టినది. మడ్డి నిలపడానికి బీడు మీద లేపిన కట్ట ఆ మాటలో ఎక్కడ ఇముడుతుంది? గని కార్మికుల భద్రత ఒక శాఖది. ఖనిజాల సంరక్షణ నాగపూర్‌లోని ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్‌ది. నీటి కాలుష్యం రాష్ట్ర మండలిది. యురేనియం అయితే అణుశక్తి నియంత్రణ మండలిది. ఒక్కో శాఖ తన వాటా చూసుకుంటుంది. కట్ట కూలితే కింద ఎవరున్నారు అని అడగవలసిన పని ఏ ఒక్కరి నెత్తిన లేదు. భవదూరుడి శాసనంలోని పొలిమేర దోషం ఇప్పుడు శాఖల మధ్య కూడా ఉంది.

ఈ ఖాళీ ఖర్చేమిటో ఇటీవలి ఏళ్లు చూపించాయి. 2019 ఏప్రిల్ 9న జార్ఖండ్‌లోని మురిలో హిందాల్కో అల్యూమినా కర్మాగారం ఎర్రమడ్డి గుట్ట జారి కింది నేలను కప్పేసింది. 2020 ఏప్రిల్ 10న, దేశమంతా లాక్‌డౌన్‌లో ఉండగా, సింగ్రౌలిలోని రిలయన్స్ సాసన్ విద్యుత్ కేంద్రం బూడిద కట్ట తెగి ఆరుగురు చనిపోయారు, వారిలో పిల్లలూ ఉన్నారు. రెండూ ప్రైవేటు యజమానులవే. ప్రభుత్వ సంస్థలూ తీసిపోలేదు. 2006 డిసెంబరు 25న జాదుగూడలో యురేనియం మడ్డి గొట్టం పగిలి వాగులోకి పారింది. మన తుమ్మలపల్లెలో 2007లో శంకుస్థాపన జరిగిన యురేనియం కర్మాగారం మడ్డి చెరువు చుట్టూ ఉన్న కేకే కొట్టాల, మబ్బుచింతలపల్లె, కనంపల్లె రైతులు బోరు నీళ్లు మారాయనీ, అరటి తోటలు పాడయ్యాయనీ ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. చెరువు అడుగున ఏ పొర వేశారన్న వివాదం ఇంకా నడుస్తోంది. కర్ణాటకలో కుద్రేముఖ్ ఇనుప గని 2005 చివర్లో సుప్రీంకోర్టు ఆదేశంతో మూతపడింది. సుమారు నూరు మీటర్ల ఎత్తున్న లక్యా మడ్డి కట్ట మాత్రం భద్రా నది ఎగువన ఇప్పటికీ నిలబడి ఉంది.

కృష్ణగిరి డ్యాము అనుభవంతో పోల్చి చూస్తే ఆ ఖాళీ ఇంకా బాగా తెలుస్తుంది. కామరాజ్ ముఖ్యమంత్రిగా ఉండగా 1957లో ప్రారంభమైన డ్యాము అది. 2017 నవంబరు 29న మొదటి గేటు పగిలి నిండు జలాశయం నీళ్లు బయటికి దూకాయి. దిగువన ఉన్న కృష్ణగిరి, ధర్మపురి, తిరువణ్ణామలై, విళుప్పురం, కడలూరు జిల్లాల నదీ తీరాలకు హెచ్చరికలు పోయాయి. గేటు పగలడం తప్పే. కానీ ఎవరికి చెప్పాలో, నీరు ఏ ఊరి దారి పడుతుందో ఇంజనీర్లకు తెలుసు. ఆ జాబితా వాళ్ల దగ్గర ఉంది. 2024 డిసెంబరు మొదట్లో ఫెంగల్ తుపానుకు మా ఊత్తంగరైలో ఒక్క రోజులో యాభై సెంటీమీటర్ల వాన పడినప్పుడు కూడా ఏ చెరువు ఏ వీధి మీద పడుతుందో ఆ ఊరివాళ్లు చెప్పగలిగారు. అలాంటి జాబితా ఒక మడ్డి కట్టకు ఉందా అని అడిగి చూడండి.

ఇప్పుడు ఈ ప్రశ్న మళ్లీ మన గడప ముందుకు వచ్చింది. 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం కోలారులోని ఆ పదమూడు దిబ్బల మీద ఉపరితల తవ్వకానికి ఒప్పుకుంది. టన్నుకు ఒక గ్రాము కూడా లేని బంగారం, ఇవాళ్టి ధరల్లో, కొత్త సాంకేతికతతో లాభసాటి అవుతుందన్నది లెక్క. అక్కడి నిరుద్యోగులకు పని వస్తుందన్న ఆశ ఉంది. అది న్యాయమైన ఆశ, దాన్ని తప్పు పట్టను. ఇటు మన వైపు కుప్పం పక్కన గుడుపల్లె మండలం చిగురుగుంటలో పాత గనిని మళ్లీ తెరవాలన్న మాట చాలాకాలంగా వినిపిస్తోంది. కర్నూలు జిల్లా తుగ్గలి మండలం జొన్నగిరిలో ప్రైవేటు రంగంలో బంగారు గని వచ్చింది. బంగారం ధర ఎక్కేకొద్దీ ఇలాంటివి పెరుగుతాయి.

దిబ్బను తవ్వడం అంటే ఏమిటో ఆలోచించాలి. ఎండిన మడ్డిని మళ్లీ నీళ్లతో కలిపి కరిగించాలి. మళ్లీ సైనైడ్ తగిలించాలి. గ్రాము లోపు బంగారం తీసుకున్నాక, దాదాపు అన్ని టన్నులూ తడి మడ్డిగా మరో చోట, మరో కట్ట వెనుక పోయాలి. అంటే ఇప్పటి ఎండు దిబ్బ మాట అలా ఉంచితే, రేపటి తడి కట్ట తలెత్తుతుంది. దక్షిణాఫ్రికాలో యాగర్స్‌ఫాంటీన్ పాత వజ్రాల గని మడ్డి దిబ్బల విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. డీ బీర్స్ గనిని 1971లో మూసేసింది. పాత దిబ్బలు గనుల చట్టం కిందికి రావని 2007లో అక్కడి కోర్టు చెప్పింది. 2010లో డీ బీర్స్ వాటిని అమ్మేసింది. కొత్త యజమానులు పాత మడ్డిని మళ్లీ కడిగి, మిగిలినదాన్ని ఊరి పక్కనే కట్ట వెనుక పోశారు. గనుల శాఖ మాది కాదంది, నీటి శాఖ చేయగలిగినంత చేసింది. 2022 సెప్టెంబరు 11 తెల్లవారుజామున కట్ట తెగి ఇళ్లు కొట్టుకుపోయాయి, ప్రాణాలు పోయాయి. పొడి దిబ్బను తడి చేసి, దాన్ని ఏ శాఖ చూడాలో తేల్చకపోతే ఏమవుతుందో ఆ ఊరు చెప్పింది.

డబ్బు సంగతి కూడా మాట్లాడాలి. నీళ్ల డ్యాము ఉన్నంతకాలం పంటో, కరెంటో ఇస్తుంది. యజమానికి దాన్ని నిలబెట్టుకోవాలన్న ఆసక్తి ఉంటుంది. మడ్డి కట్ట అలా కాదు. గని మూసిన రోజు నుంచి అది పైసా రాల్చదు, కానీ కాపలా, మరమ్మతు, ఊట కొలతలు ఎప్పటికీ కావాలి. ఆ ఖర్చు ముందే వసూలు చేసుకోకపోతే తరవాత దొరకదు. మన ఖనిజ సంరక్షణ నిబంధనల్లో గని మూసివేతకు కంపెనీ హామీ సొమ్ము కట్టాలి. 2021 సవరణ తరవాత అది పెద్ద గనులకు హెక్టారుకు ఐదు లక్షల రూపాయలు. ఆ లెక్కను కోలారు దిబ్బల 1,003 ఎకరాలకు వేసి చూస్తే ఇరవై కోట్ల చిల్లర. బ్రుమాడిన్యో ఒక్క ప్రమాదానికి వాలే 2021 ఫిబ్రవరిలో ఒప్పుకున్న పరిహారం 3,768 కోట్ల రియాలు, అప్పటి విలువలో సుమారు 700 కోట్ల డాలర్లు. రెండు అంకెలకూ మధ్య ఎంత దూరముందో చూడండి. కట్ట తరగతిని బట్టి హామీ సొమ్ము మారాలి. కింద వెయ్యిమంది ఉన్న కట్టకూ, కింద రాళ్లు మాత్రమే ఉన్న కట్టకూ హెక్టారుకు ఒకే రేటు పెట్టడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

కోలారు దిబ్బల వేలంలో కర్ణాటక ఖజానాకు వాటా ఉంది, కేంద్రానికి వాటా ఉంది, కంపెనీకి లాభం ఉంది. పాలారు ఒడ్డున ఉన్న కుప్పం సీమకు, మార్కండేయ ఒడ్డున ఉన్న వేపనపల్లికి ఆ బల్ల దగ్గర కుర్చీ లేదు. బిడ్లు తెరవక ముందే కొత్త కట్ట ఎక్కడ, ఎంత ఎత్తు, ఏ పద్ధతిలో అన్నది తేల్చాలి. అది తెగితే బురద ఏ వాగు పట్టి ఎన్ని గంటల్లో ఎక్కడికి చేరుతుందో గీసిన పటం, దాని మీద ప్రపంచ ప్రమాణం ప్రకారం వచ్చిన తరగతి బయటపెట్టాలి. గని మూసిన యాభై ఏళ్ల తరవాత ఊట కొలిచే ఉద్యోగికి జీతం ఎవరిస్తారో ఒప్పందంలోనే రాయాలి. ఆ పటం బేతమంగళంలో కన్నడంలో, గుడుపల్లెలో తెలుగులో, వేపనపల్లిలో తమిళంతో పాటు ఆ రెండు భాషల్లోనూ పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి.